చి.ల.సౌ. వధువు వధువు

మందారపేట మున్సిపాలిటీ కల్యాణమండపం ఒకప్పుడు వాచ్‌మన్ సూరన్న నోటిమాట మీద నడిచేది. ఫలానా రోజు ఖాళీయేనా అని అడిగితే కాసేపు తల గోక్కుని చెప్పేవాడు. ఎప్పుడైనా పొరపాటున ఒకే ముహూర్తానికి ఇద్దరికి మాటిచ్చేస్తే, ఒకరిని హాల్లో, ఇంకొకరిని డాబా మీద చేసుకోమనేవాడు. రెండు మేళాలూ పోటీపడి వాయించేవి, రెండు బంతులూ కలిసిపోయేవి, ఎవరి పెళ్ళిలో ఎవరు తిన్నారో తెలిసేది కాదు. ఊరు ఆ పెళ్ళిళ్ళ గురించి ఏళ్ళ తరబడి ముచ్చటగా చెప్పుకునేది.

ఇంత సుఖాన్ని ఏ కార్యాలయం మాత్రం ఎంతకాలం సహిస్తుంది? కొత్తగా వచ్చిన కమిషనర్ చక్రపాణి గారు మొదటి సమావేశంలోనే, "మనం వ్యక్తి ఆధారిత వ్యవస్థ నుంచి వ్యవస్థ ఆధారిత వ్యవస్థకు పరివర్తన చెందాల్సిన ఆవశ్యకత ఎంతైనా ఉన్నది" అన్నారు. ఎవరికీ ముక్క అర్థం కాలేదు కనుక అందరూ చప్పట్లు కొట్టారు. అలా మంగళసేవ యాప్ పుట్టింది. ఇకమీదట మండపం కావాలంటే యాప్‌లోనే బుక్ చేసుకోవాలి. పోనీ ఇంటి ముందు పందిరి వేసుకుందామంటే, వీధుల్లో పందిళ్ళు రాకపోకలకు అడ్డమని కౌన్సిలు అదే వారం తీర్మానించేసింది. అంటే మందారపేటలో పెళ్ళికి ఉన్న దారి ఆ యాప్ ఒక్కటే.

ఆ యాప్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఉద్యోగం ఇందుమతిది. కాంట్రాక్టు ఉద్యోగం, బుద్ధిమంతురాలైన పిల్ల. రోజూ యాప్ తెరిచి బటన్లన్నీ నొక్కి చూద్దామని ఆమె ఉత్సాహంగా వస్తే, మొదటిరోజే కమిషనర్ గారి సర్క్యులర్ చేతికొచ్చింది. "మానవ హస్తం ఉన్నచోట అవినీతికి ఆస్కారం ఉన్నందున, పరీక్ష నిమిత్తం ఏ ఉద్యోగి వేలూ యాప్ తెరను తాకరాదు. పరీక్ష యావత్తూ యంత్రం ద్వారానే జరుగవలెను."

సరేనని ఇందుమతి ఒక ప్రోగ్రాం రాసింది. అది రోజూ పొద్దున్నే మనిషిలాగా యాప్ తెరుస్తుంది. పెళ్ళికూతురి పేరు, ఇంటిపేరు, పెళ్ళికొడుకు పేరు, ఇంటిపేరు నింపుతుంది. ఒక ముహూర్తం ఎంచుకుని 'ఖాయం చేయి' అన్న బటన్ నొక్కుతుంది. 'శుభం' అని జవాబు వస్తే పచ్చదీపం, రాకపోతే ఎర్రదీపం. పనయ్యాక 'రద్దు' నొక్కి, ఆ ముహూర్తాన్ని తిరిగి వదిలేసి వెళ్ళిపోతుంది. ఇందుమతి దానికి ముద్దుగా అబ్బులు అని పేరు పెట్టుకుంది. ఉత్తుత్తి పెళ్ళికి మంచి పేర్లెందుకు దండగ అనుకుని, పేరున్న గడిలోనూ ఇంటిపేరున్న గడిలోనూ 'వధువు', 'వధువు' అనీ, అవతల 'వరుడు', 'వరుడు' అనీ నింపింది.

పచ్చదీపం కమిషనర్ గారి గదిలో గోడకున్న పెద్ద టీవీలో వెలిగేది. ఆయన పొద్దున్నే వచ్చి, చెప్పులు గుమ్మం బయట వదిలి, ఆ పచ్చదనాన్ని కళ్ళకద్దుకుని, అప్పుడు టీ తాగేవారు.

"సార్, అబ్బులు నిజం హాలునే బుక్ చేస్తున్నాడండి. పరీక్షకి వేరే సర్వర్ ఒకటి ఇప్పిస్తే బావుంటుంది" అని ఇందుమతి ఒకసారి అడిగింది.

"నకిలీ పెళ్ళిళ్ళకు ప్రజాధనంతో సర్వరా? ఆడిట్ వారికి నన్నేమని సమాధానం చెప్పమంటావమ్మా? అయినా పరీక్ష పరీక్షే, నిజం నిజమే. రెండింటికీ గల వ్యత్యాసం ఫైలులో సుస్పష్టంగా ఉన్నది" అన్నారాయన.

రద్దు బటన్ ఉంది కదా, ఇబ్బందేముందిలే అని ఇందుమతి ఊరుకుంది.

యాప్ ప్రారంభానికి ముందు చైర్మన్ భూషణరావు గారికి చూపించారు. ఆయన ఫోన్‌ని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు.

"ఏవమ్మా, నా ఫోటో ఏవిటి, ఇంత చిన్నది వేశారు? నేనేవన్నా తప్పిపోయిన మనిషినా, ఆచూకీ చెప్పమని పేపర్లో వేసినట్టు?"

ఫోటో పెంచారు. "మరి చేతులేవి? జనానికి దణ్ణం పెట్టకపోతే పొగరనుకోరూ?" అన్నారు. చేతులు వచ్చేదాకా పెంచారు. "నడుం దాకా ఆపేశారేవిటండీ, మిగతా సగం ప్రతిపక్షానికిచ్చేశానా?" అన్నారు. పాదాలదాకా పెంచారు. అప్పటికి చైర్మన్ గారు తెర మొత్తం ఆక్రమించి, చేతులు జోడించి, చిరునవ్వుతో నిలబడ్డారు. 'ఖాయం చేయి' అన్న బటన్ సరిగ్గా ఆయన పంచె కుచ్చిళ్ళ వెనక ఎక్కడో పడిపోయింది. పైగా ఆ ఫోటో మీద ఎక్కడ వేలు పెట్టినా ఆయన జీవితచరిత్ర ఆయన గొంతుతోనే మొదలయ్యే ఏర్పాటు కూడా చేశారు. "నాకు చిన్నప్పటి నుంచీ ప్రజలంటే ప్రాణం..." అని.

వెళ్ళబోతూ చైర్మన్ గారి కన్ను ఇంకోదాని మీద పడింది.

"ఇదేంటి, రద్దా? పెళ్ళి యాప్‌లో రద్దేవిటండీ, నోరు కడుక్కోండి! శుభమా అని పెళ్ళి చేసుకుంటుంటే! తీసెయ్యండి దాన్ని."

అక్కడున్నవాళ్ళందరూ, నిజమే సుమా, ఇంత అపశకునం మనకెలా తట్టలేదు అని లెంపలేసుకున్నారు. రద్దు బటన్ తీసేశారు. ఇక అబ్బులు పట్టిన ముహూర్తం తిరిగి వదలడని ఇందుమతికి తట్టింది. కానీ కాంట్రాక్టు పొడిగింపు కాగితం అదే రోజు కమిషనర్ గారి సంతకానికి వెళ్ళి ఉంది. నోరు మూసుకుని, అబ్బులు పనుల్లోంచి ఆఖరిదాన్ని తీసేసింది. మర్నాడు అబ్బులు చైర్మన్ గారి పాదాల వెనక దాక్కున్న బటన్‌ని నొక్కనే నొక్కాడు. వాడికి కళ్ళా పాడా? బటన్‌కి లోపల ఒక పేరుంటుంది, వాడు ఆ పేరు పట్టుకుని వెళ్ళిపోతాడు, పైన ఏ ఫోటో అడ్డమున్నా వాడికి ఒకటే. పచ్చదీపం వెలిగింది.

నెల తిరిగేసరికి ఊళ్ళో జనం గోల పెట్టారు. ఏ టీకొట్టు దగ్గర చూసినా, ఏ అరుగు మీద చూసినా, ఎవరో ఒకరు యాప్ మీద వేలు పెట్టడం, లోపల్నించి చైర్మన్ గారు "నాకు చిన్నప్పటి నుంచీ" అని అందుకోవడం. వియ్యంకుళ్ళు ఇద్దరు తలో ఫోనూ పట్టుకుని నొక్కితే, ఇద్దరు చైర్మన్లు ఒకరి వెనక ఒకరు మాట్లాడేవారు. పెళ్ళి మాత్రం ఖాయమయ్యేది కాదు.

కమిషనర్ గారు సమీక్ష నిర్వహించారు. టీవీ నిండా పచ్చదనం. మండపం బుకింగులు ఊహించనంత జోరుగా ఉన్నాయి. గౌరవ చైర్మన్ గారి జీవితచరిత్రకు శ్రోతలు ఊరి జనాభాను దాటిపోయారు.

"యాప్‌లో లోపం లేదని యంత్రమే ధ్రువీకరిస్తున్నది. కావున లోపం వేళ్ళలో ఉన్నది" అని ఆయన తేల్చారు.

అంతే, వార్డువార్డునా వేళ్ళ శిక్షణ శిబిరాలు పెట్టారు. మృదు స్పర్శ, మధ్యమ స్పర్శ, దీర్ఘ స్పర్శ అని మూడు రకాలు నేర్పించారు. మున్సిపల్ డాక్టరు గారు క్యూలో నిలబెట్టి ఒక్కొక్కరి చూపుడువేలూ పరీక్షించి, స్పర్శ యోగ్యతా పత్రాలిచ్చారు. నిమ్మకాయ రుద్దితే పట్టు వస్తుందని ఎవరో అంటే ఊళ్ళో నిమ్మకాయలు దొరక్కుండా పోయాయి. పత్రం ఉన్న వేలితో నొక్కినా చైర్మన్ గారే పలికారు. అలాంటివాళ్ళని పునశ్చరణ తరగతులకు పంపించారు.

ఇందుమతికి ఇదంతా ఏదోలా ఉండేది. కానీ తన ఇంట్లో పెళ్ళి లేదు, తన పని పచ్చగానే ఉంది. సర్క్యులర్ ప్రకారం ఆమె వేలు ఇంతవరకూ ఆ యాప్‌ని తాకనే లేదు.

సరిగ్గా అప్పుడే ఆమెకి సంబంధం కుదిరింది. అబ్బాయి గోవర్ధన్, పాల డెయిరీలో కెమిస్టు. నెమ్మదస్తుడు, నవ్వితే ఇందుమతికి నచ్చాడు. ఎంత నచ్చాడంటే, ఆఫీసులో అబ్బులు ఒకవేళ ఎర్రదీపం వెలిగించి ఉన్నా ఆ వారం ఆమె నవ్వుతూనే ఉండేది. వైశాఖంలో ఒక్కటే ముహూర్తం పడింది. అది దాటితే మూఢం, ఆ తర్వాత ఆషాఢం. అబ్బాయికి డెయిరీ వాళ్ళు చిత్తూరు బదిలీ అంటున్నారు. వాళ్ళమ్మగారు, "ఈ ముహూర్తానికి కాకపోతే మా ఊరివైపు ఇంకో సంబంధం ఉంది, చూసుకుంటాం" అని మెత్తగానే అనేసి వెళ్ళారు.

ఇందుమతి తల్లి సత్యవేణి ఫోన్ తీసుకుని చైర్మన్ గారి ముక్కు మీద నొక్కింది, మోకాలి మీద నొక్కింది, జోడించిన చేతుల మీద నొక్కింది.

"ఏవే, ఈయన కదలడేవిటే? ఎంత నొక్కినా చిన్నప్పటి నుంచీ అంటాడు గానీ పెద్దవాడవడేవిటి?"

ఇందుమతి ఫోన్ లాక్కుని మొట్టమొదటిసారి తన సొంత వేలితో నొక్కింది. "నాకు చిన్నప్పటి నుంచీ ప్రజలంటే..." అని చైర్మన్ గారు అందుకున్నారు. ఇన్నాళ్ళూ ఊరంతా చెబుతున్నది నిజమే. పోనీ ముహూర్తాల పట్టిక చూద్దామని తెరని పక్కకి జరిపింది. వైశాఖంలో తమ ముహూర్తం నిండిపోయింది. వధువు వధువు, వరుడు వరుడు. శ్రావణం నిండిపోయింది. మాఘం నిండిపోయింది. వచ్చే ఏడాది ఫాల్గుణం దాకా మందారపేటలో ఉన్న ముహూర్తాలన్నీ ఆ దంపతులే పట్టుకుపోయారు.

"ఎవరే ఈ వధువు? ఒక్కత్తికి ఇన్ని పెళ్ళిళ్ళేవిటే, సిగ్గులేకపోతే సరి!" అంది సత్యవేణి.

"నేను రాసిందేనమ్మా" అని ఇందుమతి బావురుమంది.

మర్నాడు ఆమె కమిషనర్ గారి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఫోటో కింద బటన్ ఉందని, అబ్బులుకి కళ్ళు లేవని, ఆ బుకింగులన్నీ వాడివేనని, రద్దు చేద్దామంటే బటన్ లేదని. చెబుతూ ఏడ్చింది కూడా. ఆయన శాంతంగా విన్నారు.

"అమ్మా ఇందుమతీ, నీవు చెప్పినది సంచలనాత్మకమే. కానీ టీవీ పచ్చగా ఉన్నది. దానికి విరుద్ధంగా ఒక ఉద్యోగిని వేలు ఇచ్చిన వాంగ్మూలాన్ని ఎలా పరిగణనలోకి తీసుకోగలను? పైపెచ్చు ఆ వేలు సర్క్యులర్‌ను ఉల్లంఘించి తాకిన వేలు."

"సార్, కనీసం ఫోటో కొంచెం పైకి జరిపితే..."

ఆయన కుర్చీలోంచి లేచి తలుపు వేసి వచ్చారు. "ఆ మాట ఇక్కడ అన్నావు, ఇంకెక్కడా అనకు. చైర్మన్ గారిని జరిపే అధికారం నాకు లేదు, ఓటర్లకే ఉంది." తర్వాత గొంతు తగ్గించారు. "అసలు సమస్య అది కాదమ్మా. మన మండపం నిత్యం నిండి ఉన్నందుకు రాష్ట్రస్థాయి పురస్కారానికి ఎంపికైంది. వైశాఖంలో, ఆ ముహూర్తానికే, తనిఖీ అధికారి స్వయంగా వచ్చి వివాహం చూసి వెళ్తారట. వధువు వధువు గారి వివాహం. ఇప్పుడు నేను ఆ దంపతులను ఎక్కడి నుంచి తేవాలి?"

గదిలో ఇద్దరూ కాసేపు పచ్చదీపం వైపు చూశారు. ఇందుమతి కళ్ళు తుడుచుకుంది.

"సార్, ఆ ముహూర్తానికి నేను చేసుకుంటాను."

"భేష్! కానీ పేర్లు బుకింగుతో సరిపోవాలి సుమా. అక్షరం తేడా వచ్చినా అది వేరే పెళ్ళి అవుతుంది."

శుభలేఖలు అచ్చయ్యాయి. 'చి.ల.సౌ. వధువు వధువును చి. వరుడు వరుడుకిచ్చి' అని. సత్యవేణి కార్డు చూసి గుండెలు బాదుకుంది. "పురిట్లో చచ్చి బతికి కన్నానే నిన్ను! మా అత్తగారి పేరు కాదని, ఊరందరితో పోట్లాడి ఇందుమతి అని పెట్టుకున్నాను. ఈ దిక్కుమాలిన పేరుతో పీటలమీద కూర్చోబెడతానా?" మాట్లాడే అలవాటు లేని తండ్రి కూడా ఆ రోజు కార్డు వెనక్కి తిప్పి బల్ల మీద పెట్టి, అన్నం తినకుండా లేచిపోయాడు. గోవర్ధన్‌కి ఫోన్ చేసి చెప్పడానికి ఇందుమతికి నోరు రాలేదు. చివరికి ఎలాగో చెప్పేసింది.

"మా డెయిరీలో గేదెలకి నంబర్లే ఉంటాయండి. అయినా ఏ గేదె ఏదో మాకు తెలుసు. మీరేం బెంగపడకండి" అన్నాడు.

పోలిక ఎలా ఉన్నా, ఆ మాటకి ఇందుమతికి ప్రాణం లేచొచ్చింది.

పెళ్ళిరోజున మండపానికి వెళ్ళేసరికి వేదిక కనిపించలేదు. దాని స్థానంలో చైర్మన్ గారు నిలబడి ఉన్నారు, పాదాల నుంచి తలదాకా, ఈ గోడ నుంచి ఆ గోడదాకా, చేతులు జోడించి. యాప్‌కూ మండపానికీ ఏకరూపత ఉండాలని కమిషనర్ గారు ఫ్లెక్సీ వేయించారు. పీటలు దాని వెనకాల. వధూవరులూ పురోహితుడూ కన్నవాళ్ళూ పక్కనున్న సందులోంచి దూరి లోపలికి వెళ్ళారు. చుట్టాలందరూ ముందు కుర్చీల్లో కూర్చుని చైర్మన్ గారిని చూస్తూ ఉండిపోయారు. సన్నాయి మోగినప్పుడల్లా ఆయన మీదే అక్షింతలు వేశారు.

"ఇలా కాదుగానీ, డాబా ఎక్కండి బాబూ, పైన వెంటిలేటర్లున్నాయి!" అన్నాడు సూరన్న. దాంతో పిన్నిగార్లూ మావయ్యలూ డాబా ఎక్కి, వంతులవారీగా తలలు దూర్చి పెళ్ళి చూశారు. "ఆ, జీలకర్రా బెల్లం అయిందర్రా!" అని పైనుంచి ఒకావిడ కేకేస్తే కింద హాలంతా హమ్మయ్య అనుకుంది.

తనిఖీ అధికారి ముందు వరసలో కూర్చున్నారు. చైర్మన్ గారు దీవించడానికి లేచి, తన ఫోటో ముందుకొచ్చి, అటూ ఇటూ చూశారు. "పెళ్ళికూతురేదండీ?" అన్నారు.

"తమరి వెనకాలేనండి" అన్నాడు సూరన్న.

చైర్మన్ గారు వెనక్కి తిరిగి చూస్తే తనే ఉన్నారు. దారి వెతుకుతూ ఫ్లెక్సీ మీద చెయ్యి వేశారు. ఏకరూపత అన్నాక అన్నీ ఉండాలి కదా, ఎక్కడో స్పీకరు పలికింది: "నాకు చిన్నప్పటి నుంచీ ప్రజలంటే ప్రాణం..." చైర్మన్ గారు అదిరిపడి చెయ్యి తీశారు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ మొదలైంది. ఆఖరికి అక్షింతలు ఆయన తన బొమ్మ మీదే చల్లుకుని వచ్చి కూర్చున్నారు.

లోపల పురోహితుడు వధువు ఇంటిపేరు గల వధువు అని సంకల్పం చదువుతుంటే ఇందుమతికి దుఃఖం ఆగలేదు. తన పెళ్ళి జరుగుతోంది, తన పేరు మాత్రం ఎక్కడా లేదు. తల్లి పమిట నోటికడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. గోవర్ధన్ మంగళసూత్రం కట్టడానికి వంగాడు. మేళం హోరులో, పైన తలల గోలలో, చైర్మన్ గారి బాల్యంలో, అతను ఆమె చెవి దగ్గర "ఇందుమతి గారూ" అన్నాడు. మూడు ముళ్ళకీ మూడుసార్లు అన్నాడు. ఆ పెళ్ళిలో ఆమెని పేరు పెట్టి పిలిచినవాడు అతనొక్కడే.

"వివాహం జరిగిందనడానికి ప్రత్యక్ష ఆధారం ఏమున్నది?" అని బయట తనిఖీ అధికారి అడుగుతున్నారు.

కమిషనర్ గారు ఫోన్ తీసి పచ్చదీపం చూపించారు. అధికారి సంతృప్తి వ్యక్తం చేసి భోజనానికి లేచారు. పురస్కారం వచ్చింది.

ఆ తర్వాత ఊరికి కిటుకు తెలిసిపోయింది. ఎవరికి పెళ్ళి కుదిరినా వధువు వధువు, వరుడు వరుడు అని కార్డులు కొట్టించుకుని ఆ ముహూర్తానికి వెళ్ళిపోవడమే. ఒకే రోజుకి ఇద్దరొస్తే సూరన్న ఒకరిని డాబా మీదకి పంపిస్తున్నాడు. మందారపేటలో ఉన్నది ఒకే ఒక్క జంట అనీ, వారు నిత్యం పరస్పరం వివాహమాడుతున్నందున పట్టణంలో విడాకులు లేవనీ కమిషనర్ గారు వార్షిక నివేదికలో సగర్వంగా రాశారు.

గోవర్ధన్ బదిలీ ఆగిపోయింది. ఇందుమతి కాంట్రాక్టు పొడిగించారు. ఆమెకి ఏడో నెల వచ్చేసరికి కమిషనర్ గారు పిలిచి కొత్త యాప్ అప్పజెప్పారు. పేరు ఊయలసేవ. ఇకమీదట పట్టణంలో పుట్టే పిల్లలకి అందులో నమోదైన పేరే చెల్లుతుంది.

ఆమె సీటులో కూర్చుని, చుట్టూ చూసి, ఫోన్ పమిట చాటున పెట్టుకుని తన వేలితో ఒక్కసారి నొక్కింది. పమిటలోంచి "నాకు చిన్నప్పటి..." అని రాగానే గట్టిగా దగ్గి కప్పేసింది. అయితే ఇక్కడా ఆయనే ఉన్నారన్నమాట. ఇక్కడా పని జరిగేది అబ్బులు ఒక్కడికే. పేరున్న గడిలో 'శిశువు' అని టైపు చేయబోయి ఆగింది. పీటల మీద కూర్చున్న ఆ ఉదయం గుర్తొచ్చింది. నా బిడ్డకి ఆ గతి పట్టనివ్వను అనుకుంది. గోవర్ధనూ తనూ అనుకున్న పేరు, నవనీత, నెమ్మదిగా టైపు చేసి అబ్బులుకి ఇచ్చేసింది. పచ్చదీపం వెలిగింది.

ఆడపిల్లే పుట్టింది. ఆ పేరే చెల్లింది. అబ్బులు రోజూ నమోదు చేసేది అదొక్కటే కనుక, మందారపేటలో తర్వాత పుట్టిన పిల్లలందరికీ కూడా ఆ పేరే చెల్లింది. ఇప్పుడు అంగన్‌వాడీలో ఆయమ్మ పాలగ్లాసు పట్టుకుని "నవనీతా!" అని పిలిస్తే గదిలో ఉన్న పిల్లలంతా లేచి పరుగెత్తుకొస్తారు, మగపిల్లలతో సహా. వాళ్ళలో చైర్మన్ గారి మనవడు కూడా ఉన్నాడు. మీసాలొచ్చాక ఏం చేస్తాడో గానీ, ప్రస్తుతానికి బాగానే పలుకుతున్నాడు.